నల్గొండలో పాత ఇల్లు కొంటున్నాం, డాక్యుమెంట్ పని మేమే చేసుకోవచ్చా?

రామగిరి వాసి

అందరికీ నమస్కారం. నల్గొండ టౌన్‌లో ఒక పాత స్లాబ్ ఇల్లు మాట్లాడుకున్నాం, 150 గజాలు, 42 లక్షలకు ఒప్పుకున్నారు, ఇంకా బయానా ఇవ్వలేదు. డాక్యుమెంట్ రాసే ఆయన దగ్గరికి పోతే మొత్తం నేనే చూసుకుంటా అని 20 వేలు చెప్పాడు, దేనికి ఎంత అని అడిగితే విడమరచి చెప్పలేదు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని, మా ఆవిడ టైలరింగ్ చేస్తుంది, పదకొండేళ్లు దాచిన డబ్బు ఇది, అందుకే ప్రతి కాగితం నేనే చదివి, నేనే రాసుకుని చేయించుకోవాలని ఉంది. బ్యాంకు లోన్ కొంచెమే తీసుకుంటున్నాం. ఇట్లా సొంతంగా చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉందో చెప్పండి, రాత్రి నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్.

పాలమూరు సోషల్ సార్

బాబూ, చేసుకోవచ్చు. మహబూబ్‌నగర్‌లో మా ఇల్లు అమ్మినప్పుడు, మా అమ్మాయికి ఇల్లు కొన్నప్పుడు రెండుసార్లూ నేనే చేశాను. రైటరే రాయాలని ఏ చట్టంలోనూ లేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సేల్ డీడ్ నమూనా దొరుకుతుంది, దాన్ని ముందు పెట్టుకుని తెలుగులోనే రాసుకోవచ్చు. తర్వాత అదే సైట్‌లో పబ్లిక్ డేటా ఎంట్రీ అని ఉంటుంది, అందులో అమ్మేవాళ్ల వివరాలు, కొనేవాళ్ల వివరాలు, ఇంటి నంబరు, హద్దులు అన్నీ మనమే ఎక్కించాలి. చలానా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. స్లాట్ బుకింగ్ 2025లో దశలవారీగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకు వచ్చింది కాబట్టి మనం అనుకున్న రోజుకు, అనుకున్న టైముకు పోవచ్చు.

ఖర్చు లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు గానీ రాస్తున్నా. 2021 జులై 22 నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం ఏడున్నర శాతం. 42 లక్షల మీద 3,15,000 అవుతుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ, మీరు రాసుకున్న ధర, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క కడతారు. ఖాళీ ప్లాటు అని రాసి స్లాబ్ సంగతి దాచొద్దు, కట్టడం విలువ కూడా లెక్కలోకి వస్తుంది, రేపు ఇంటి నంబరు మీ పేరు మీదికి మారేటప్పుడు అదే అడ్డం పడుతుంది.

ఆ రోజు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఇద్దరు సాక్షులు ఆధార్ కార్డులతో ఉండాలి, ఫొటో, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు. పాన్ కార్డులు కూడా దగ్గర పెట్టుకోండి. ఇంతే పని. రాయడం కష్టం కాదు బాబూ, రాయకముందు చూసుకోవాల్సినవి కష్టం. వాటి గురించి వేరేవాళ్లు కూడా చెప్తారు.

మిర్యాలగూడ మిల్లు గుమస్తా

సార్ చెప్పింది నిజం. నా అనుభవం ఒకటి రాస్తా, అన్నకు పనికొస్తుంది. మేం ఇల్లు కొన్నప్పుడు రైటర్ పాత డాక్యుమెంట్‌లోని హద్దులు ఉన్నవి ఉన్నట్టు దింపేశాడు, పాత డాక్యుమెంట్‌లో ఉత్తరం పక్కన ఖాళీ జాగా అని ఉంది, ఇరవై ఏళ్లలో అక్కడ ఇల్లు లేచింది, చేతులు కూడా మారింది. పైగా తూర్పు పడమరల కొలతలు తారుమారు పడ్డాయి. మాకు రెండేళ్ల తర్వాత లోన్ కోసం పోతే బ్యాంకు వకీలు పట్టుకున్నాడు. దాన్ని సవరించాలంటే సవరణ దస్తావేజు రాయాలి, దానికి అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి, ఆయన అప్పటికి సూరత్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు, మోకాళ్లు పనిచేయట్లేదు. ఎన్ని ఫోన్లు చేశామో, ఎంత బతిమాలామో మాకే తెలుసు.

అందుకని నా మాట ఒకటే. డాక్యుమెంట్ రాసే ముందు టేపు పట్టుకుని పోండి. నాలుగు పక్కలా కొలవండి, పక్కింటివాళ్లను పిలిచి వాళ్ల ముందే కొలవండి. 150 గజాలు అని కాగితంలో ఉన్నా నేల మీద ఎంత ఉందో చూడండి, మా గల్లీలో ఒకాయనకు 11 గజాలు తక్కువ వచ్చింది, డబ్బులు ఇచ్చేశాక తెలిసింది. తక్కువుంటే ధర ఇప్పుడే మాట్లాడుకోవచ్చు, తర్వాత ఎవరూ వినరు. హద్దుల్లో ఇప్పుడున్న ఇంటి నంబర్లు రాయండి, ఫలానా వాళ్ల ఇల్లు అని పేరు కూడా రాయండి.

రామగిరి వాసి

చాలా థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. ఆదివారం పోయి కొలుస్తా. ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే కాగితం, నేనే ఆన్‌లైన్‌లో తీశాను, 1983 నుంచి ఇప్పటి దాకా వచ్చింది, ఏమీ లేదు, ఒక్కటే ఎంట్రీ, 1991లో అమ్మేవాళ్ల నాన్న కొన్నది. ఆయన 2016లో పోయారు, వాళ్లమ్మ అంతకు ముందే పోయింది. ఇప్పుడు అన్నదమ్ములు ఇద్దరు కలిసి అమ్ముతున్నారు, మనుషులు మంచివాళ్లే. ఒరిజినల్ డాక్యుమెంట్ చూపించారు, ఇంటి పన్ను రసీదు పెద్దాయన పేరు మీద ఉంది. ఈసీ క్లీన్‌గా ఉంది కాబట్టి ఇక భయం లేదు కదా?

దేవరకొండ వకీలు

ఈసీ క్లీన్‌గా ఉందంటే రిజిస్టర్ అయిన లావాదేవీలు ఇంకేమీ లేవని మాత్రమే అర్థం అండీ. రిజిస్టర్ కాని వీలునామా అందులో కనిపించదు. వంద రూపాయల కాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్ కనిపించదు. కాగితాలు ఎవరి దగ్గరో ఊరికే కుదువ పెట్టి అప్పు తెస్తే అది కనిపించదు. కోర్టులో భాగం దావా నడుస్తున్నా మీ ఈసీలో ఉండాలని లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, చనిపోయిన మనిషికి ఎంతమంది పిల్లలో ఈసీ చెప్పదు.

అందుకే ఒక ప్రశ్న. ఆ అన్నదమ్ములకు అక్కచెల్లెళ్లు ఉన్నారా? ఇంకో అన్నదమ్ముడు ఉండి చనిపోయాడా? చనిపోతే అతని భార్యాపిల్లలు ఉన్నారా? వాళ్ల మాట మీద పోవద్దు, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మనండి, మీసేవలో పెట్టుకోవచ్చు. అది వచ్చినా ఆ గల్లీలో పాతకాపులను నలుగురిని అడగండి. నేను సివిల్ కోర్టులో చూసే ఇళ్ల కేసుల్లో డాక్యుమెంట్ రాత తప్పుల వల్ల వచ్చినవి కొన్నే, సంతకం పెట్టాల్సిన మనిషి పెట్టకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

1991కి ముందు లింకు డాక్యుమెంట్, అంటే వాళ్ల నాన్నకు అమ్మినవాళ్లకు ఆ ఇల్లు ఎట్లా వచ్చిందో చూపే పాత దస్తావేజు కూడా తీయండి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో వెతికించి నకలు తీసుకోవాలి. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో వాళ్ల పేర్లు, వాళ్ల నాన్న పేరు కొట్టి చూడండి, ఆ పని మీరే చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం పెట్టిన నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి.

సూర్యాపేట 65

ఒకవేళ అక్క ఉన్నా 1985కి ముందు పెళ్లి అయిపోయి ఉంటే ఆమెకు హక్కు లేదు కదా వకీలు సార్, మా ఊర్లో అందరూ అదే చెప్తారు. అన్నదమ్ములిద్దరూ సంతకం పెడితే సరిపోతుంది అనుకుంటున్నా.

దేవరకొండ వకీలు

సూర్యాపేట తమ్ముడూ, ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నా, దీని వల్ల నష్టపోయినవాళ్లనూ చూశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తా. 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సవరణ పిత్రార్జితం గురించి, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి గురించి. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు అందులో కొడుకుతో సమానంగా భాగం ఇచ్చారు. ఆ తర్వాత 2005లో కేంద్ర చట్టం మారింది, పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది, 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో దాన్ని ఇంకా స్పష్టం చేసింది.

కానీ ఇక్కడ సంగతే వేరు. ఈ ఇల్లు తండ్రి తన డబ్బుతో 1991లో కొన్నది, అంటే స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. కూతురి పెళ్లి 1970లో అయినా, నిన్న అయినా ఒకటే. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం అన్న మాటతో ఆ వాటా పోదు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి, కొడుకులు మాత్రమే రాసిస్తే మీకు వచ్చేది మూడింట రెండు వంతులు. మిగతా వంతుకు ఆమె మీ మీద దావా వేయొచ్చు, డబ్బు మొత్తం ఇచ్చింది మీరు, కోర్టు చుట్టూ తిరిగేదీ మీరే.

జడ్చర్ల అక్క

నేను అమ్మేవాళ్ల వైపు నుంచి రాస్తున్నా. 2012లో కొన్న ఇల్లు పోయినేడాది అమ్మాను, మా ఆయన లేరు, అన్నీ నేనే తిరిగాను. లోన్ మొత్తం తీర్చేసి నో డ్యూ కాగితం తెచ్చుకున్నా, ఇక అయిపోయింది అనుకున్నా. కొనేవాళ్లు ఈసీ తీస్తే బ్యాంకు కుదువ ఎంట్రీ అట్లాగే ఉంది! బ్యాంకు తరఫు మనిషి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి కుదువ విడుదల కాగితం మీద సంతకం పెడితేనే అది ఈసీలో ఎక్కుతుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఒరిజినల్స్ కూడా రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, అప్పు తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు అప్పు తీర్చిన మనిషికి ఇవ్వాలి. ఆ మాట తెల్ల కాగితం మీద రాసి, మేనేజర్‌కు ఇచ్చి, ముద్ర వేయించుకున్నాను. వారంలో కాగితాలు వచ్చాయి. నోటితో అడిగితే కాని పని రాసి ఇస్తే అయ్యింది.

ఇంకోటి, అమ్మేవాళ్లకు ఆదాయపన్ను సంగతి. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు అయితే, ద్రవ్యోల్బణం లెక్క లేకుండా 12.5 శాతం, లెక్కతో 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ లాభంతో రెండేళ్లలో వేరే ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. నాకు ఇది తెలియక డబ్బంతా మామూలు ఖాతాలో పెట్టాను, రిటర్ను గడువులోపు వాడని డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలట, ఆడిటర్ చివరి వారంలో చెప్తే పరుగెత్తాను.

రామగిరి తమ్ముడూ, మీది 42 లక్షలు కాబట్టి టీడీఎస్ గొడవ లేదు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లే 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి.

కల్వకుర్తి డ్రైవర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాకు ఇట్లాంటి ఇల్లు కాదు, ప్లాటు చూపిస్తున్నారు, లేఅవుట్ పర్మిషన్ లేదట, నోటరీ చేసి జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) ఇస్తామంటున్నారు, ధర చాలా తక్కువ. తీసుకోవచ్చా?

దేవరకొండ వకీలు

వద్దు తమ్ముడూ. నోటరీతో ఆస్తి మారదు. జీపీఏ మీద అమ్మకాలతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల రిజిస్ట్రేషన్‌కు 2020 ఆగస్టు 26 నుంచి అడ్డుకట్ట పడింది. ఆ ప్లాటుకు ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ దరఖాస్తు పెట్టారా, ఫీజు కట్టి ప్రొసీడింగ్స్ తెచ్చారా అడుగు. లేదంటే ధర తక్కువ కావడానికి కారణం అదే.

రామగిరి వాసి

సార్, మీరు అడిగింది ఎంత మంచిదైందో. నిన్న సాయంత్రం ఆ గల్లీలో కిరాణా షాపు పెద్దమ్మను అడిగితే, "వాళ్లక్క ఉంది కదా బిడ్డా, దేవరకొండ దిక్కు ఇచ్చిండ్రు" అంది. అన్నదమ్ములను అడిగితే ముందు మాట్లాడలేదు, తర్వాత పెద్దాయన, "ఆమె పెళ్లి 83లోనే అయింది, ఆమెకేం సంబంధం" అన్నాడు. నేను వకీలు సార్ రాసింది చదివి వినిపించాను. కోపంగా లేచిపోయారు.

అంతకు ముందు రోజే ఇంకో మాట అన్నారు, డాక్యుమెంట్‌లో 26 లక్షలే రాద్దాం, మిగతా 16 లక్షలు నగదు ఇవ్వు, నీకు కూడా స్టాంపు డ్యూటీ మిగులుతుంది అని. లెక్క వేస్తే 1,20,000 మిగులుతుంది, అబద్ధం ఎందుకు, నాకూ ఆశ పుట్టింది. ఏం చేయమంటారు?

పాలమూరు సోషల్ సార్

ఆ ఆశ దగ్గరే ఆగిపో బాబూ. 16 లక్షలు నగదుగా ఇచ్చిన క్షణం నుంచి ఆ డబ్బు నువ్వు ఇచ్చినట్టు ఏ ఆధారమూ లేదు. రేపు అక్కగారు దావా వేసి గెలిచిందనుకో, నువ్వు అన్నదమ్ముల దగ్గర తిరిగి అడగాల్సి వస్తే కాగితం మీద ఉన్న 26 లక్షలకే అడగగలవు. ఇల్లు నువ్వే పదేళ్ల తర్వాత అమ్మావనుకో, నీ కొన్న ధర 26 అని ఉంటుంది, లాభం ఎక్కువ కనిపించి పన్ను నీ మీదే పడుతుంది, ఇవాళ మిగిలిన లక్షా ఇరవై అప్పుడు వడ్డీతో సహా పోతుంది. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో ఉంది, తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది. ఇది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు, వాళ్లకు కూడా నష్టమే. పదకొండేళ్లు దాచుకున్న డబ్బుకు ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి.

బయానా ఇస్తే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వు. అగ్రిమెంట్ రాసుకో, అందులో ఎన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్, ఎవరెవరు సంతకం పెట్టాలి, కాకపోతే బయానా తిరిగి ఎప్పుడిస్తారు, ఇవన్నీ రాయి.

జడ్చర్ల అక్క

తమ్ముడూ, ఆ అక్కను ఎవరో దావా వేసే మనిషిలాగా చూడొద్దు. మా పుట్టింటి ఇల్లు అమ్మినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు, సంతకం కావాల్సి వచ్చిన రోజు మాత్రం కారు పంపారు. డబ్బు కోసం కాదు, ఒక్క మాట ముందు చెప్తే బాగుండేది అని ఇప్పటికీ అనిపిస్తుంది. వీలైతే మీ ఆవిడను తీసుకుని దేవరకొండ పోయి ఆమెతో మాట్లాడండి. కొనేవాళ్లే వచ్చి అడిగితే గౌరవంగా ఉంటుంది.

వనపర్తి వాసి

ఇదే మాదిరి మాది కూడా. మా తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు, ఇల్లు అమ్మడానికి రాలేడు, ఏం చేయాలి?

దేవరకొండ వకీలు

ఈ ఇంటి అమ్మకం వరకే పరిమితం చేస్తూ పవరాఫ్ అటార్నీ రాయించి, అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం పెట్టించి పంపమనండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి, ఆ గడువు మర్చిపోవద్దు. వారసుల్లో మైనర్ పిల్లలు ఎవరైనా ఉంటే మాత్రం వాళ్ల వాటాకు కోర్టు అనుమతి కావాలి, ఆ పని సొంతంగా చేసుకోవద్దు.

రామగిరి వాసి

ఐదు వారాలు అయింది, చెప్పకుండా ఉండటం బాగుండదని రాస్తున్నా. రిజిస్ట్రేషన్ మొన్న శుక్రవారం అయిపోయింది.

జడ్చర్ల అక్క చెప్పినట్టే మేమిద్దరం దేవరకొండ పోయాం. ఆమెకు ఇల్లు అమ్ముతున్న సంగతే తెలియదు. టీ ఇచ్చి, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "మీరు రాకపోతే నాకు ఎవరు చెప్పేవాళ్లు" అంది. అన్నదమ్ములతో ఆమె కొడుకు మాట్లాడాడు, రెండుసార్లు గొడవై మళ్లీ కూర్చున్నారు. సమానం కాకపోయినా 9 లక్షలకు ఆమె తన ఇష్టంతో ఒప్పుకుంది. విడిగా హక్కు విడుదల కాగితం రాయిస్తే దానికి వేరే స్టాంపు డ్యూటీ పడుతుందని వకీలు సార్ ఫోన్‌లో చెప్పడంతో, ముగ్గురినీ అమ్మేవాళ్లుగా ఒకే సేల్ డీడ్‌లో పెట్టాం. ఎవరికి ఎంత, ఏ చెక్కు నంబరు, ఏ తేదీ అన్నీ డీడ్‌లో రాశాను, మొత్తం 42 లక్షలూ చూపించాం.

కొలిస్తే 146 గజాలే వచ్చింది, హద్దుల్లో ఉన్నంతే రాసుకున్నాం, ధర మాత్రం తగ్గించలేదు, నేనూ పట్టుబట్టలేదు. డీడ్ రాత్రి పూట కూర్చుని తెలుగులో నాలుగుసార్లు రాశాను. దాన్ని, లింకు డాక్యుమెంట్లను నల్గొండలో ఒక వకీలుకు చూపించి 5 వేలు ఇచ్చాను, ఆమె రెండు చోట్ల మార్చింది, ఒకటి తండ్రి చనిపోయిన తేదీ, వీలునామా లేదన్న వాక్యం, రెండోది తర్వాత ఎవరైనా హక్కు అడిగితే అమ్మేవాళ్లే బాధ్యులన్న వాక్యం. ఆ 5 వేలు మాత్రం తప్పకుండా పెట్టండి. డేటా ఎంట్రీలో ఇంటి పన్ను నంబరు ఒక అంకె తప్పు కొట్టాను, సంతకాలకు ముందు ప్రింటు చదివితే మా ఆవిడ పట్టుకుంది.

పని అయ్యాక తాళం చెవులు తీసుకోవడానికి అందరం ఇంటికి పోయాం. అక్క లోపలి గదిలోకి పోయి గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది. నా చిన్న కొడుకు పురుడు ఇదే గదిలో అంది. మా ఆవిడ ఆమెకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇచ్చింది, దసరాకు రమ్మని చెప్పింది.

ఇంటి పన్ను రికార్డు రిజిస్ట్రేషన్‌తోపాటే మా పేరుకు మారింది. కరెంటు మీటర్ ఇంకా పెద్దాయన పేరు మీదే ఉంది, దానికి ఏమేం పెట్టాలి?

మిర్యాలగూడ మిల్లు గుమస్తా

సంతోషం అన్నా. రిజిస్టర్ అయిన డాక్యుమెంట్ జిరాక్స్, మీ ఆధార్, ఆఖరి బిల్లు కట్టిన రసీదు పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోండి, పేరు మార్పు దరఖాస్తు అక్కడే ఉంటుంది. నల్లా బిల్లు పాత బాకీ ఉందేమో కూడా మున్సిపాలిటీలో అడగండి, ఉంటే అన్నదమ్ముల దగ్గర ఇప్పుడే తీసుకోండి.